యూరిన్ పైపు మూసుకుపోకముందే



ప్రోస్టేట్ పెరిగి మూత్రం ఆగిపోయినవారికీ, వెన్నుపాము దెబ్బతిన్నవారికీ, మంచం పట్టిన కొందరు పెద్దవాళ్లకూ యూరిన్ పైపు వేసి ఇంటికి పంపుతుంటారు. డాక్టర్లు దాన్ని ఫోలీ కేథటర్ అంటారు. నెలల తరబడి పైపుతో ఉండేవాళ్లలో సుమారు సగం మందికి అది ఎప్పుడో ఒకప్పుడు మూసుకుపోతుంది. చాలామందిలో దీన్ని ముందే పసిగట్టవచ్చు. ఎలాగో చెబుతాను.

పెద్దవాళ్లకు ఎక్కువగా వేసే 16 నంబరు పైపు బయటి కొలతే 5 మిల్లీమీటర్ల పైచిలుకు. లోపలి దారి ఇంకా సన్నం. పైపు వేసిన కొన్నాళ్లకు మూత్రాశయంలో బాక్టీరియా చేరక తప్పదు. వాటిలో ప్రోటియస్ అనే రకం మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మారుస్తుంది. దాంతో మూత్రానికి క్షారగుణం వచ్చి, అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గట్టిపడి పైపు గోడలకు అంటుకుంటాయి. బోరు నీళ్లు కాచే గిన్నెకు తెల్లగా పట్టే పొర ఉంటుందే, అలాగన్నమాట. పొర మందమైతే దారి మూసుకుపోతుంది. ఒక్కోసారి రక్తపు గడ్డలూ అడ్డుపడతాయి.

అయితే పైపుకు తగిలించిన బ్యాగులోకి మూత్రం రావడం లేదనగానే కంగారుపడకండి. ముందు పైపును చివరిదాకా చూడండి. ఎక్కడైనా మెలిపడిందా? కాలి కింద నలిగిందా? బ్యాగు నిండిపోయిందా? ఎవరైనా దాన్ని మంచం మీద పెట్టేశారా? బ్యాగు ఎప్పుడూ మూత్రాశయం కంటే కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. సగం దాటగానే ఖాళీ చేయండి. పైపు లాగుడు పడకుండా తొడకు పట్టీ వేయండి. విరేచనం సాఫీగా అవుతోందో లేదో కూడా చూసుకోండి. మలబద్ధకంతో పేగు నిండితే, ఆ ఒత్తిడికే మూత్రం ధార ఆగిపోవచ్చు. ఆకుకూరలు, జామకాయ, బొప్పాయి పెట్టండి.

ఇక నీళ్లు. గుండె జబ్బో కిడ్నీ జబ్బో ఉండి డాక్టరు నీళ్లకు కొలత పెట్టి ఉంటే, ఆ కొలత దాటకండి. మిగిలినవాళ్లు మంచినీళ్లు, మజ్జిగ, బార్లీ నీళ్లు అన్నీ కలిపి రోజుకు ఒకటిన్నర నుంచి రెండు లీటర్లు తాగాలి. ఒకేసారి కాకుండా రోజంతా కాస్త కాస్తగా తాగితే మూత్రం చిక్కబడదు.

చేయకూడనివి మూడున్నాయి. డాక్టరో నర్సో నేర్పకుండా సిరంజితో పైపులోకి నీళ్లు కొట్టకండి. పైపునూ బ్యాగునూ విడదీసిన ప్రతిసారీ కొత్త క్రిములకు దారి ఇచ్చినట్టే. రెండోది, పైపును పట్టుకుని లాగకండి. లోపల నీళ్లతో ఉబ్బిన బెలూన్ ఉంటుంది, అలాగే లాగితే మూత్రనాళం చీరుకుపోతుంది. మూడోది, మూత్రం కాస్త మబ్బుగా ఉందని మందుల షాపుకెళ్లి యాంటీబయాటిక్ తెచ్చి వేయకండి. అలా వాడితే మందుకు లొంగని క్రిములే మిగులుతాయి.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఒక నోటు పుస్తకం పెట్టండి. పైపు వేసిన తేదీ, దాని రకం, మూసుకుపోయిన తేదీ రాయండి. పూర్తి సిలికాన్ పైపును గరిష్ఠంగా 12 వారాలు, టెఫ్లాన్ పూత ఉన్న లేటెక్స్ పైపును 4 వారాలు ఉంచవచ్చంటారు. కానీ అది పైపు గడువే, మీ ఇంట్లో మనిషికి అంతకాలం పనిచేస్తుందన్న హామీ కాదు. వరుసగా మూడుసార్లు 24, 26, 25 రోజులకు మూసుకుపోయిందనుకోండి, ఆ పుస్తకం డాక్టరుకు చూపించి, ఇరవయ్యో రోజుకే మార్చవచ్చేమో అడగండి. అర్ధరాత్రి ఆసుపత్రికి పరిగెత్తే పని తప్పుతుంది. పాత పైపు తీసినప్పుడు దాని కొన ఎలా ఉందో నర్సునడిగి తెలుసుకోండి. ఇసుకలా గరగరలాడితే అదీ రాయండి. పదేపదే అలా జరుగుతుంటే మూత్రాశయంలో రాయి ఉందేమో డాక్టరు స్కాన్ చేయిస్తారు.

పైపు మెలిపడకపోయినా మూత్రం రాక, పొత్తికడుపు ఉబ్బి నొప్పి పెడుతున్నా, పైపు పక్కనుంచి మూత్రం కారుతున్నా, చలిజ్వరం వచ్చినా, రక్తపు గడ్డలు పడుతున్నా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. వెన్నుపాము ఛాతీ దగ్గరో మెడ దగ్గరో దెబ్బతిన్నవారికి మరీ జాగ్రత్త. పైపు మూసుకుంటే వాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు. దానికి బదులు ఉన్నట్టుండి విపరీతమైన తలనొప్పి, ముఖం ఎర్రబడటం, చెమటలు వస్తాయి. రక్తపోటు ప్రమాదకరంగా పెరిగిందని దాని అర్థం. వెంటనే లేపి కూర్చోబెట్టండి, బిగుతు బట్టలు వదులు చేయండి, పైపు మెలిపడి ఉంటే సరిచేయండి, 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో పైపుతో ఉన్నవాళ్లుంటే, అది వేసిన తేదీ ఎవరికైనా గుర్తుందేమో ఇప్పుడే అడగండి. లేకపోతే డిశ్చార్జి కాగితం తీసి చూసి, నోటు పుస్తకం మొదటి పేజీలో రాసేయండి.