ఎలుగుబంటి వేటకు ఎంత తుపాకి?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగ పాఠము)



విడిపించుకొన వీలుకాని పట్టును తెలుగువారు భల్లూకపు పట్టు అందురు. శమంతకమణి కథలో జాంబవంతుడు సాక్షాత్తు శ్రీకృష్ణునితోనే దినముల తరబడి పోరిన సంగతి పల్లెల పిల్లలకు సైతము తెలిసినదే. అట్టి మృగము నెదుర్కొనుటకు ఎట్టి తుపాకి చాలునన్న ప్రశ్న ఉత్తర అమెరికాలో రెండు వందల సంవత్సరములకు పైగా చర్చింపబడుచున్నది. ఇది వినోదమునకు సంబంధించిన చర్చ మాత్రమే కాదు. తుపాకి చాలనిచో ప్రాణము కోల్పోవునది మనుష్యుడు. లేదా గాయముతో పొదలలో పడి గంటల తరబడి బాధనొందునది మృగము.

1805వ సంవత్సరమున లూయీ, క్లార్కు అను ఇరువురు సేనానులు మిస్సోరీ నది వెంబడి పశ్చిమమునకు ప్రయాణము చేసిరి. గ్రిజ్లీ యను గోధుమవర్ణపు ఎలుగులను గూర్చి స్థానిక తెగలవారు చేసిన హెచ్చరికలను వారు మొదట అంతగా లెక్కింపలేదు. ఆ యేడు మే 5వ తేదీన వారి బృందము ఒక పెద్ద ఎలుగును కాల్చినది. పది గుండ్లు తగిలినవి. అందు అయిదు ఊపిరితిత్తులలో నుండి పోయినవి. అయినను అది నదిలో సగము దూరమునకు పైగా ఈది, ఇసుకతిన్నె చేరి, ఇరువది నిమిషములకు గాని ప్రాణము విడువలేదు. మరి ఆరు దినములకు ఊపిరితిత్తులలో గుండు తగిలిన వేరొక ఎలుగు తనను కాల్చినవానిని అరమైలు దూరము తరిమినది. అటుపిమ్మట వారు హెచ్చరికలను నమ్మిరి.

వారి గుండ్లు చిన్నవి కావు. సుమారు అర అంగుళము వెడల్పుగలవి. కాని అవి మెత్తని సీసపు గోళములు, వేగము తక్కువ. పైనుండి రోమము, దాని క్రింద క్రొవ్వు, ఆపైన దట్టమైన కండ, బరువైన భుజపుటెముక — ఇన్నింటిని దాటి లోనికి పోవుటకు గుండు వెడల్పు ఒక్కటియే చాలదు. ఇదియే ఈ విషయమున మొదటి పాఠము.

తుపాకి కాలిబరు అనగా గొట్టము లోపలి వ్యాసము. .375 అనగా అంగుళమును వేయి భాగములు చేసినచో 375 భాగములు. అనగా సుమారు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. .30-06 అను తూటా పేరులో మొదటి అంకె అంగుళములో నూరింట 30 వంతులను, రెండవది అది పుట్టిన 1906వ సంవత్సరమును తెలుపును. ఆ పేరులో బలమును తెలుపు అంకె ఏదియు లేదు. గుండు బరువు ఎంత, వేగము ఎంత, అది ఎముకకు తగిలినపుడు చిదికిపోవునా, లేక నిలిచి లోనికి దూసుకొని పోవునా అను మూడు సంగతులు కలిసినగాని బలము తెలియదు. గుండు బరువును గ్రెయినులలో చెప్పుదురు. సుమారు 15 గ్రెయినులు ఒక గ్రాము.

అలాస్కా తీరమున చేపలు తిని బలిసిన మగ ఎలుగు ఆరువందల కిలోగ్రాములకు పైబడి తూగగలదు. అంతటి దేహముతో గంటకు యాభై కిలోమీటర్లకు మించిన వేగమున పరుగెత్తగలదు. యాభై గజముల దూరమున కనబడిన ఎలుగు మూడు నాలుగు సెకండ్లలో మీదికి వచ్చును. గురిచూచుటకు అది చాల స్వల్ప వ్యవధి.

1983వ సంవత్సరమున అమెరికా అటవీశాఖకు చెందిన మీహన్, థిలేనియస్ అను ఇరువురు ఈ ప్రశ్నను పరీక్షకు పెట్టిరి. అలాస్కా అడవులలో పనిచేయు ఉద్యోగుల రక్షణయే వారి ఉద్దేశము. ఎలుగు మీదికి దూకు సందర్భమును తలచి, పదిహేను గజముల దూరమునుండి పలురకముల తూటాలను కాల్చి, గుండు ఎంత లోతునకు పోయినది, ఎంత వెడల్పుగా విచ్చుకొన్నది, ఎంత బరువు నిలుపుకొన్నది అని కొలిచిరి. .458, .375, .338 మాగ్నం రైఫిళ్ళు ముందు వరుసలో నిలిచినవి. పాతదైన .30-06 సయితము 220 గ్రెయినుల బరువైన గుండుతో చక్కగా పనిచేసి, తేలికగుండును మహావేగముతో విసరు కొన్ని మాగ్నం తూటాలను మించినది. చేతితుపాకులు రైఫిళ్ళకు చాల వెనుకబడినవి. వేగమును మాత్రమే చూచి మురియువారికి ఈ ఫలితము ఒక హెచ్చరిక.

అట్లయిన అన్నిటికంటె పెద్ద తుపాకినే కొనవలెనా? ఇచట రెండవ పాఠము కలదు. 1912లో వెలువడిన .375 తూటా 300 గ్రెయినుల గుండును సెకండుకు సుమారు 2,500 అడుగుల వేగముతో పంపును. కాని అది భుజమును తన్ను తన్నుడు .30-06 తన్నుడుకు ఇంచుమించు రెట్టింపు. ఆ దెబ్బకు జంకిన వేటగాడు మీట నొక్కు క్షణమున కన్ను మూయును, భుజము ముడుచును. గుండు గురి తప్పును. పేగులలో తగిలిన పెద్దగుండు కంటె ఊపిరితిత్తులలో తగిలిన నడిమిగుండు మేలు. అందువలననే అలాస్కాలో అనుభవముగల మార్గదర్శకులు, గురిసరిచూచుటకు మాత్రమే కాల్చిన క్రొత్త మాగ్నం కంటె, బాగుగా కాల్చ నేర్చిన .30-06తో వచ్చు వేటగానినే కోరుదురు. పరరాష్ట్రమునుండి వచ్చినవాడు మార్గదర్శకుడు గాని దగ్గరి బంధువు గాని తోడులేక అచట గోధుమవర్ణపు ఎలుగును వేటాడరాదని చట్టమే కలదు. గాయపడిన ఎలుగును దట్టమైన పొదలలో వెదకవలసి వచ్చినపుడు ముందు నడచువాడు ఆ మార్గదర్శకుడే గదా! ఒకని గురితప్పు మరియొకని ప్రాణము మీదికి వచ్చును.

ఇందుకు ప్రతిగా ఒక ఉదాహరణమును కొందరు చెప్పుదురు. 1953వ సంవత్సరమున కెనడాలోని అల్బర్టా రాష్ట్రమున బెల్లా ట్విన్ అను క్రీ తెగ స్త్రీ, చిన్న జంతువులను కొట్టు .22 తుపాకితో ఆనాటికి రికార్డనదగిన గ్రిజ్లీని చంపినది. ఆమె చిన్ననాటినుండి అడవిలో పెరిగినది. ఎలుగు మిక్కిలి దగ్గరకు వచ్చిన తరువాత, గత్యంతరము లేక, తలపై గురిపెట్టి కాల్చినది. అది పడిన పిదపను మరికొన్ని గుండ్లు కాల్చినది. ఆమె ధైర్యమును, నేర్పును కొనియాడవలసినదే. కాని ఈతరానివాడు ఒకనాడు ఏరు దాటెనని అందరును ఏటిలో దుముకరాదు గదా!

వేట వేరు, ఆత్మరక్షణ వేరు. నార్వే దేశపు స్వాల్‌బార్డ్ దీవులలో ధ్రువపు తెల్ల ఎలుగుల వేట 1973 నుండి నిషిద్ధము. అయినను ఊరి పొలిమేర దాటువారు ఎలుగును బెదరగొట్టు సాధనమును తప్పక కొనిపోవలెను, రైఫిలు కొనిపోవువారికి.308, లేక .30-06 కంటె తక్కువ పనికిరాదని సలహా. ముందు బెదరించుట, తప్పనిసరియైనపుడే కాల్చుట అచటి నీతి.

అలాస్కాలో ఎలుగులతో తటస్థించిన 269 సంఘటనలను పరిశీలించి 2012లో ప్రకటించిన పరిశోధన ఇంకొక సంగతి తెలిపినది. తుపాకి చేత నుండియు, దానిని వాడినవారికిని వాడనివారికిని జరిగిన హానిలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. అదే పండితులు 2008లో ప్రకటించిన మరొక పరిశోధనలో, మిరపకాయ ఘాటుతో చేసిన జల్లుమందు గోధుమవర్ణపు ఎలుగుల దుడుకును నూటికి 92 పర్యాయములు ఆపినదని తేలినది. కన్నులు మండిన మృగము తొలగిపోవును. గాయపడిన మృగము తిరుగబడును. ఊరిమిరపకాయకు ఇంతటి మహిమ కలదని తెలిసికొనుట తెలుగువారికి సంతోషకరమే.

భారతదేశమున సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము ఎలుగుబంటికి అత్యున్నత రక్షణ నిచ్చినది. దాని వేట నేరము. సద్బుద్ధితో ప్రాణరక్షణకై చేసినదానిని మాత్రము ఆ చట్టము నేరముగా నెంచదు. కనుక నల్లమల అంచున గాని, శ్రీకాకుళపు ఉద్దానమున జీడిమామిడి తోటలలో గాని ఉండువారికి ఏ కాలిబరు మేలన్న ప్రశ్న లేదు. ఏ జాగ్రత్త మేలన్న ప్రశ్నయే కలదు. ఈ దేశపు ఎలుగు చెదలు, చీమలు, తేనె, ఇప్పపువ్వు, పండ్లు తిని బ్రతుకును. దానికి చూపు మందము. గాలి ఎదురుగా ఉన్నపుడు మనుష్యుడు సద్దులేక దగ్గరకు వచ్చినచో బెదరి మీద పడును. కావున వేకువను, మునిమాపున ఒంటరిగా తోటలకు పోరాదు. గుంపుగా, మాటలాడుచు, కఱ్ఱతో సద్దుచేయుచు పోవలెను. రాత్రి దీపము తప్పక ఉండవలెను. పిల్లలతోనున్న తల్లి ఎలుగు కనబడినచో ఎదురుపోక వెనుకకు తగ్గవలెను. ఊరిలోనికి వచ్చిన ఎలుగును రాళ్ళతో తరుమక అటవీశాఖవారికి కబురు పంపవలెను.

గ్రంథాలయపు బీరువాలలో వేటకథల పుస్తకములు కలవు. వానిని చదువువారు వీరుని తుపాకి పేరు చూచి ముచ్చటపడుదురు. ఆ పేరు ప్రక్కన మరి రెండు సంగతులు చూచుట అలవరచుకొనవలెను: గుండు ఎచట తగిలినది, తగిలిన తరువాత వేటగాడు ఏమి చేసెను. చాలినంత తుపాకి లేనివాడు వేటకు పోరాదు. చాలినంత నేర్పు లేనివాడు ఎంత తుపాకి యున్నను పోరాదు. పోవలసిన అవసరము లేనివాడు అసలు పోకుండుటయే ఉత్తమము.