అంకెలలో దాగిన మాట



జర్మనీ దేశమందలి స్పాన్‌హైము మఠమునకు 1483లో త్రితేమియుసు అను యువకుడు అధిపతి యయ్యెను. అప్పుడచ్చట గ్రంథములు 50కి లోపే. 22 ఏండ్లలో ఆయన వానిని సుమారు 2000 వరకు పెంచెను.

అట్టి గ్రంథప్రియుడు 1499 ప్రాంతమున గుప్తలేఖనమును గూర్చి లాటిను భాషలో ఒక గ్రంథము వ్రాసెను. మొదటి రెండు భాగములలో భూతములను పిలుచు మంత్రములవలె తోచు మాటలు గలవు. నడుమ నడుమ అక్షరములను విడిచి చదివిన, రహస్యసందేశము బయల్పడును. మూడవ భాగమున గ్రహముల పేళ్లు, వరుసలుగా అంకెలు. అది మాత్రము కొరుకుడు పడలేదు. క్షుద్రవిద్య యని పలువురాయనపై నింద మోపిరి. 1606లో అచ్చయిన ఆ గ్రంథమును 1609లో రోము మతపీఠము నిషేధించెను.

1676లో హైడెల్ అను పండితుడు చిక్కు విప్పితిననెను. కాని తన సమాధానమును గూడ గుప్తలిపిలోనే దాచెను! కడకు 1996లో థామస్ ఎర్న్‌స్ట్, 1998లో జిమ్ రీడ్స్, ఎవరికి వారే సాధించి ప్రకటించిరి. అంకెనుండి 25 చొప్పున తీసివేయగా మిగిలిన శేషము ఒక అక్షరమునకు గుర్తు. అంతే! అందు భూతమును లేదు, మంత్రమును లేదు. ఈ యుత్తరము తెచ్చువాడు దొంగ, జాగ్రత్త యను హెచ్చరిక వంటి మాటలున్నవి.

సుమారు 500 ఏండ్లు ఒక విద్వాంసుని మాంత్రికు డనిపించినది ఆ పుట కాదు, చదువలేనివారి తొందర. తెలియని గ్రంథమును తిట్టుటకంటె, చెదలు పట్టకుండ భద్రపరచి, చదువగలవాని కొరకు వేచియుండుట మేలు. గ్రంథాలయము చేయు పని యిదియే.