దేగ్ ముందు నిలబడే చేతికి చదువూ చట్టమూ తోడు కావాలి

(వంటవారికి, చిన్న కేటరింగ్ నిర్వాహకులకు ఏర్పాటైన ఆహార భద్రతా పరీక్ష సన్నాహక తరగతుల ప్రారంభంలో చేసిన ప్రసంగ పాఠం)





వంట మన సముదాయంలో ఎందరికో తరతరాల జీవనాధారం. హైదరాబాద్ హలీమ్‌కు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ కీర్తి వెనుక రాత్రంతా పొయ్యి ముందు నిలబడి గోధుమనూ మాంసాన్నీ మెదిపిన ఎన్నో పేరులేని చేతులున్నాయి. ఆ చేతులను నిన్నటిదాకా ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు. నేడు డెలివరీ యాప్ అడుగుతోంది, కంపెనీ క్యాంటీన్ అడుగుతోంది, తనిఖీకి వచ్చిన అధికారి అడుగుతున్నాడు. సమాధానం లేనివారు మెల్లగా వృత్తి నుండి జారిపోతున్నారు.

ముందుగా చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 31వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనిదే ఆహార వ్యాపారం చేయరాదు. చిన్న వ్యాపారులకు లైసెన్సు బదులు రిజిస్ట్రేషన్ చాలు. 2011 నిబంధనలు దీనికి ఏడాదికి 12 లక్షల రూపాయల టర్నోవరును హద్దుగా, 100 రూపాయలను వార్షిక రుసుముగా నిర్ణయించాయి. ఈ వంద రూపాయల పనిని దళారి చేతిలో పెట్టి వేలు పోగొట్టుకోవలసిన అవసరం లేదు. ఇక ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నిర్వహించే ‘ఫోస్టాక్’ శిక్షణలో కేటరింగ్‌కు ప్రత్యేక పాఠ్యక్రమం ఉంది. శిక్షణ చివర పరీక్ష ఉంటుంది. లైసెన్సు పొందిన సంస్థల్లో ప్రతి 25 మంది పనివారికి ఇలా శిక్షణ పొందిన పర్యవేక్షకుడు ఒకరుండాలి.

ఇక్కడే ఒక మాట స్పష్టంగా చెప్పదలచుకున్నాం. వంటింట్లో ఏనాడూ అడుగుపెట్టని యజమాని కుమారుడు పరీక్ష రాసి, పత్రాన్ని గోడకు తగిలిస్తే చట్టం అడిగిన కాగితం దొరుకుతుందేమో గాని, దేగ్‌లోని అన్నానికి రక్షణ దొరకదు. పరీక్షకు కూర్చోవలసింది నిత్యం వంటింట్లో ఉండే మనిషి. ఆయనకు అక్షరాలు తక్కువైతే పక్కన చదివి వినిపించే బాధ్యత ఇంటి పిల్లలది, మనందరిది.

ఇక పరీక్షలో ఏముంటుంది? మన బావర్చీలకు సగం విషయం అనుభవంతో తెలిసిందే. మిగిలిన సగం అంకెల్లో ఉంటుంది. అనుభవజ్ఞుడు ఆవిరి చూసి దమ్ అయిందని చెబుతాడు. పరీక్ష థర్మామీటరు చూపమంటుంది. 5 నుండి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. కనుక చల్లని నిల్వ 5 డిగ్రీలు లేదా అంతకు తక్కువలో ఉండాలి. వడ్డించేవరకు వేడి పదార్థం 60 డిగ్రీలకు పైన ఉండాలి. వండేటప్పుడు ముక్క మధ్యభాగం 75 డిగ్రీలకు చేరాలి. ఈ మూడు అంకెలను వంటింటి గోడపై పెద్ద అక్షరాలతో రాసుకోండి.

వలీమా విందులో మిగిలిన బిరియానీ సంగతి ఆలోచించండి. మూతపెట్టిన దేగ్ తెల్లవార్లూ లోపల గోరువెచ్చగానే ఉంటుంది. ఉడికిన అన్నంలోనూ బతికి మిగిలే బాసిల్లస్ సెరియస్ అనే సూక్ష్మజీవి అంత సమయంలో విషాన్ని తయారు చేయగలదు. వాంతులు కలిగించే ఆ విషం ఉదయం మళ్లీ వేడి చేసినా నశించదు. అందుకే మిగిలిన ఆహారాన్ని లోతు తక్కువ పళ్లాలలోకి మార్చి, రెండు గంటల్లో 60 నుండి 21 డిగ్రీలకు, ఆపై నాలుగు గంటల్లోపు 5 డిగ్రీలకు దించాలి. అంత ఏర్పాటు లేనిచోట విందు ముగిసిన వెంటనే, వేడి ఉండగానే పంచిపెట్టడం మేలు.

పచ్చి మాంసం కోసిన కత్తితో, పలకతో కచుంబర్ కోయరాదు. ఫ్రిజ్‌లో పచ్చి మాంసం కింది అరలో, వండినది పై అరలో ఉండాలి. మెటానిల్ ఎల్లో వంటి రంగు ఏ ఆహారంలోనూ వాడరాదు. మళ్లీ మళ్లీ కాచిన నూనెలో పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని పారేయాలి. వార్తాపత్రిక కాగితంలో ఆహారం చుట్టరాదు. పనివారికి ఏటా వైద్య పరీక్ష జరగాలి, ఆ పత్రం వంటశాలలో ఉండాలి. జ్వరమో విరేచనాలో ఉన్న పనివాడిని ఆ రోజు దేగ్ దగ్గరకు రానివ్వరాదు. అలాంటప్పుడు కూలి కోస్తే అతడు రోగం దాచుకుని వస్తాడు. కనుక సెలవు కూలి ఇవ్వడం కూడా ఆహార భద్రతలో భాగమే.

హలాల్ విషయంలో మనం ఎంతో పట్టుదలగా ఉంటాం. ఖుర్ఆన్ హలాల్‌తో పాటు తయ్యిబ్ అనే మాటనూ జతచేసింది. జబీహా సరిగ్గా జరిగిన మాంసం ఎండలో, ఈగల మధ్య వేలాడితే మొదటి మాట నిలిచినా రెండవ మాట నిలవదు. ఈ పాఠాలు మన దీన్‌కు పరాయివి కావు.

ఇక హక్కుల మాట. ముస్లిం వంటవారు ఆహారంలో ఉమ్మివేస్తారనే నీచమైన వదంతి కొన్నేళ్లుగా ఫోన్ నుండి ఫోన్‌కు తిరుగుతోంది. 2024 జులైలో కాంవడ్ యాత్ర మార్గంలో భోజనశాలల యజమానులు తమ పేర్లు ప్రదర్శించాలని ఉత్తరప్రదేశ్‌లో పోలీసులు ఆదేశించారు. ఆ నెల 22న సుప్రీంకోర్టు ఆ ఆదేశాలను నిలుపుదల చేస్తూ, ఏ రకమైన ఆహారం వడ్డిస్తున్నారో తెలపమనవచ్చు గాని, యజమానుల, పనివారి పేర్లు ప్రదర్శించమని బలవంతం చేయరాదని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. రిజిస్ట్రేషన్ పత్రం మీదా పేరుంటుంది కదా అని కొందరు అడుగుతారు. ఆ పత్రాన్ని ప్రదర్శించడం మతంతో నిమిత్తం లేకుండా అందరికీ ఒకే విధంగా వర్తించే నియమం. ఒక వర్గాన్ని వేరుచేసి చూపడానికి బోర్డు పెట్టించడం వేరు. మొదటిదాన్ని మనం తూచా తప్పక పాటించాలి. అప్పుడే రెండవదాన్ని గట్టిగా ప్రశ్నించగలం.

చట్టం అధికారికి ఇచ్చిన అధికారంతో పాటు మనకిచ్చిన రక్షణలనూ చదువుకోవాలి. రిజిస్ట్రేషన్ దరఖాస్తును తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా నమోదు చేయాలి. నమూనా తీసుకునే అధికారి రాతపూర్వక నోటీసు ఇచ్చి, దాని ధర చెల్లించాలి. నమూనాను నాలుగు భాగాలు చేస్తారు. మనం కోరితే నాలుగో భాగాన్ని గుర్తింపు పొందిన ప్రయోగశాలకు పంపాలి. లోపాలు సరిదిద్దుకొమ్మని 32వ సెక్షన్ కింద ఇచ్చే నోటీసులో కనీసం 14 రోజుల గడువుండాలి. సహేతుక కారణం లేకుండా వేధించే ఉద్దేశంతో సరుకు జప్తు చేసిన అధికారికి 39వ సెక్షన్ లక్ష రూపాయల వరకు జరిమానా చెబుతోంది. అపరిశుభ్రంగా వండితే మనకూ 56వ సెక్షన్ కింద లక్ష వరకు జరిమానా ఉంది. రెండూ ఒకే చట్టంలో ఉన్నాయి.

జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపిన మేము ఒకటి చెప్పగలం. నోటిమాటకు ఫైలులో చోటు దొరకదు. రోజూ ఉష్ణోగ్రతలు రాసిన పుస్తకం, నీటి పరీక్ష నివేదిక, పురుగుల నివారణ రసీదు, వైద్య పత్రాలు ఒక సంచిలో వంటశాలలోనే ఉండాలి. వదంతి వచ్చిన రోజున ఆవేశంతో గుమిగూడడం కంటే ఆ సంచి తెరిచి చూపడం బలమైన సమాధానం.

ప్రభుత్వాన్నీ అడగవలసింది అడుగుదాం. ఉర్దూ తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో రెండవ అధికార భాష అయింది. శిక్షణ, పరీక్ష తెలుగులోనూ ఉర్దూలోనూ జరగాలని, రెండు రాష్ట్రాల మైనారిటీ ఆర్థిక సంస్థలు వాటి రుసుము భరించాలని, మహిళలకు వారి బస్తీలోనే తరగతులు పెట్టాలని వినతిపత్రాలు ఇద్దాం. ఇచ్చిన ప్రతిదానికీ రసీదు తీసుకుందాం.

ఈ తరగతుల్లో ప్రతి పాఠం చదివిన మరునాడే దాన్ని మీ వంటింట్లో అమలు చేయండి. ఉత్తీర్ణులైనవారు తమ పొయ్యి వద్ద పనిచేసే సహాయకునికీ, గిన్నెలు కడిగే సోదరికీ నేర్పండి. మన చేతి వంట తిన్నవారు ఏ మతస్థులైనా క్షేమంగా ఇల్లు చేరాలి. వండినవారు గౌరవంతో బతకాలి. అల్లాహ్ మన శ్రమలో బర్కత్ ప్రసాదించుగాక. ఆమీన్.