కొన్నాళ్ళే అన్న రిబ్కా
(రేడియో ప్రసంగ పాఠము)



క్రిస్మస్ దగ్గర పడింది. ఈపాటికి మీలో చాలామంది ఇంటికి సున్నాలు వేయించి, గుమ్మానికి నక్షత్రం కట్టి, అరిసెలకు బియ్యం నానబోసి ఉంటారు. కొడుకులు, కోడళ్ళు, అల్లుళ్ళు, మనుమలు వస్తారు. 25వ తేదీ ఆరాధనతోను భోజనాలతోను గడిచిపోతుంది. మరి 26? 27? పని తగ్గి, అందరూ ఒకే కప్పు క్రింద ఉండే ఆ రోజులలోనే పాత మాటలు పైకి వస్తాయి. ఈ సంగతి పుస్తకములో చదివి చెప్పుట లేదు. మా ఇంట్లో జరిగినదే చెప్తాను.

నాన్నగారు పోయిన తరువాత ఊళ్ళో ఉన్న ఇంటి స్థలము విషయములో మా అన్నయ్యకు, నాకు మాట పడింది. ఆరు సంవత్సరములు మేమిద్దరం మాట్లాడుకోలేదు. నేను సేవకుడను. ఆ ఆరు సంవత్సరములూ సమాధానమును గూర్చి ప్రసంగాలు చేస్తూనే ఉన్నాను. అమ్మ కొంతకాలం వాళ్ళింట్లో, కొంతకాలం మా ఇంట్లో ఉండేది. ఒక క్రిస్మస్‌కు మాత్రం ఆమె పట్టుబట్టి రెండు కుటుంబాలనూ హైదరాబాదులో మా ఇంట కూర్చింది. ఒకే పంక్తిలో భోజనం చేశాము, కాని అన్నయ్య అడగవలసిన పప్పు వదిన అడిగింది. నేను చెప్పవలసిన జవాబు నా భార్య చెప్పింది.

మూడవ రోజున పిల్లలు సాలార్‌జంగ్ మ్యూజియం చూడాలన్నారు. (వెళ్ళేవారు గుర్తుంచుకోండి, శుక్రవారము దానికి సెలవు.) పదకొండు మందిమి బయలుదేరాము. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా పోగుచేసిన వస్తువులతో, ఆయన చనిపోయిన రెండేళ్ళకు, 1951లో తెరచిన ప్రదర్శనశాల అది. 1968లో మూసీ ఒడ్డునున్న ఇప్పటి భవనములోనికి మార్చారు. పిల్లలకు అక్కడి గడియారమే ముఖ్యము. గంట అయ్యే వేళకు ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టి లోపలికి పోతుంది. పన్నెండుకైతే పన్నెండు దెబ్బలు, కనుక జనం ఆ వేళకే ఎక్కువ. పిల్లలందరూ అక్కడ చేరారు.

అమ్మది మోకాళ్ళ నొప్పులు. ఆమెను పాలరాతి స్త్రీ విగ్రహమున్న గదిలో ఒక ప్రక్కన కూర్చోబెట్టాము. "ఈ తల్లి ఎవర్రా?" అని అడిగింది. "మన రిబ్కాయే అమ్మా, ఇస్సాకు భార్య" అన్నాను. బెంజోని అనే ఇటలీ శిల్పి 1876లో చెక్కిన విగ్రహమది. ముఖము మీద ముసుకు ఉంటుంది. ఆ ముసుకు కూడా రాయే. అయినా దాని వెనుక కన్నులు, ముక్కు, పెదవులు కనబడుతూనే ఉంటాయి. తడిసిన పలుచని బట్ట కప్పినట్టే ఉంటుంది. ఆదికాండము 24వ అధ్యాయములో, పొలములో ఎదురు వస్తున్నది ఇస్సాకేనని తెలిసికొని, ఒంటెమీదనుండి దిగిన రిబ్కా ముసుకు వేసికొన్నది గదా, ఆ ఘడియ అది.

అమ్మ చాలాసేపు చూసింది. తరువాత, "పెళ్ళినాటి బొమ్మ చేశాడు. ఇద్దరు కొడుకులూ విడిపోయిన నాటి ఆ తల్లి బొమ్మ ఎవరైనా చేశారట్రా?" అన్నది. అన్నయ్య నా వెనుకనే నిలబడి ఉన్నాడు.

ప్రియులారా, ఆ విగ్రహమును ఎన్నోసార్లు చూశాను. రిబ్కాను తల్లిగా ఎన్నడూ చూడలేదు. 27వ అధ్యాయము తెరచి చూడండి. ఆశీర్వాదము తమ్మునికి దక్కింది, అన్న చంపుతానన్నాడు. అందులో ఆమె తప్పు కూడా ఉంది, ఆ ఉపాయము ఆమె చెప్పినదే. నీ అన్న కోపము చల్లారేవరకు లాబాను ఇంట కొన్నాళ్ళు ఉండుము, తరువాత నేనే కబురు పంపి పిలిపిస్తానని యాకోబును సాగనంపింది. ఆమె లెక్క కొన్నాళ్ళే. అక్కడ గడిచినవి ఇరవై సంవత్సరములు. ఆమె కబురు పంపినట్టు గాని, మరల ఆ కుమారుని ముఖము చూసినట్టు గాని గ్రంథములో లేదు. 33వ అధ్యాయములో ఏశావు పరుగెత్తి వచ్చి తమ్ముని మెడమీద పడి ముద్దు పెట్టుకొంటాడు, ఇద్దరూ ఏడుస్తారు. ఆ చోట భార్యలున్నారు, పిల్లలున్నారు, దాసీలున్నారు, నాలుగు వందల మంది మనుష్యులున్నారు. తల్లి మాత్రం లేదు. తరువాత ఆమెను గూర్చి మనకు తెలిసేది 49వ అధ్యాయములో, మక్పేలా గుహలో పాతిపెట్టబడినవారి పేర్లలో.

మనమూ కొన్నాళ్ళే అనుకొంటాము. వాడే ముందు రానీ అంటాము. ఏశావు తానే ముందు పరుగెత్తాడు, నష్టపోయినవాడు అతడే అయినా. యాకోబు కూడా ఏడు మారులు సాగిలపడుతూనే వచ్చాడు. ఎవరు ముందని ఆ రోజున ఎవరూ లెక్కపెట్టలేదు.

మాకు ఆ రోజున అంత గొప్ప సంగతి ఏమీ జరగలేదు. బయటికి వచ్చి టీ త్రాగుతుంటే అన్నయ్య ఒక కప్పు నా చేతికిచ్చి, "పంచదార ఎక్కువేశాడు, చూసుకో, నీకు షుగర్ కదా" అన్నాడు. ఆరేళ్ళ తరువాత మొదటి మాట. నాకు షుగర్ వచ్చిందని అతనికెవరు చెప్పారో ఇప్పటికీ అడగలేదు. స్థలము సంగతి తేలడానికి ఇంకా రెండేళ్ళు పట్టింది, పంపకములో నాకు రావలసినంత రాలేదనే నా అభిప్రాయము. అయితే కాగితాల మీద సంతకాలు పెట్టేనాటికి అమ్మ బ్రతికి ఉన్నది. ఇద్దరి మధ్య కూర్చున్నది.

ఈ సంవత్సరము మీ ఇంటి పంక్తిలో ఖాళీగా ఉండబోయే విస్తరి ఎవరిదో మీకు తెలుసు. ప్రార్థన చేసుకొందాము. కన్నులు మూయకమునుపు ఆ పేరు ఒక్కసారి పైకి పలకండి.