హిప్‌హాప్ సంగీతము బ్రతుకుతెరువగునా?

(తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠము)



ప్రతి సంవత్సరము ఈ సభలో నేను పరీక్షా ఫలితములను గూర్చియు, హాజరును గూర్చియు మాటలాడుట మీరెరిగినదే. ఈసారి ఆ లెక్కలు మన పత్రికలో వేరుగా అచ్చగుచున్నవి. కావున వానిని విడిచి, దసరా సెలవుల తరువాత నన్ను చూడవచ్చిన ఒక తల్లి అడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పదలచితిని. ఆమె భర్త ఈ భివండిలోనే సాంచెల కార్ఖానాలో రాత్రి పాళీ పని చేయుచున్నాడు. ఆమె మాటలు ఇవి: "సారూ, మా పెద్దోడు రాప్ పాటలు చేస్తడట. చదువు బంద్ పెట్టి గదే పని చేస్త అంటున్నడు. గా పనిల తిండి ఎల్తదా?"

ముప్పది ఏండ్లుగా ఇటువంటి ప్రశ్నకు నేను "వద్దమ్మా, చదువుకొమ్మనుము" అనియే చెప్పుచు వచ్చితిని. ఈసారి మాత్రము ఆ మాట నోట రాలేదు. "నెల గడువిమ్ము, తెలిసికొని చెప్పెదను" అంటిని. ఏల అట్లంటినో తరువాత మనవి చేసెదను.

ముందుగా ఈ హిప్‌హాప్ ఎక్కడిదో చెప్పవలెను. అమెరికాలో న్యూయార్కు నగరమున బ్రాంక్సు అను భాగము కలదు. 1970 ప్రాంతమున అది మిక్కిలి దీనస్థితిలో నుండెను. పెద్ద రహదారి కొరకు ఇండ్లు కూల్చబడినవి, మిగిలిన భవనములనేకము తగులబడినవి, పనులు కరవైనవి. అక్కడ సెడ్జివిక్ అవెన్యూలో 1520వ నంబరు భవనమందు జమైకా దేశమునుండి వలస వచ్చిన కుటుంబమొకటి కాపురముండెను. ఆ యింటి ఆడపిల్ల సిండీ క్యాంప్‌బెల్‌కు బడి తెరుచు వేళకు క్రొత్త బట్టలు కావలసివచ్చినవి. 1973 ఆగష్టు 11వ తేదీన ఆమె ఆ భవనములోని వినోదశాలను తీసికొని, చేతితో వ్రాసిన చీట్లు పంచి, ఆడపిల్లలకు 25 సెంట్లు, మగపిల్లలకు 50 సెంట్లు ప్రవేశరుసుము పెట్టి పాటల విందు జరిపెను. రికార్డులు వేసినవాడు ఆమె అన్న క్లైవ్. కూల్ హెర్క్ అను పేరుతో లోకము అతని నెరుగును. పాటలో గానము ఆగి వట్టి తాళవాద్యములు మ్రోగు చిన్న భాగమున్నదే, దానికే జనము ఎక్కువ ఆడుచున్నారని అతడు కనిపెట్టెను. ఒకే రికార్డు ప్రతులు రెండు తెచ్చి, ఒకటి ముగియగానే రెండవదానిపై అదే భాగమును మొదలిడి, ఆ క్షణకాలపు వాద్యమును నిమిషముల తరబడి సాగదీయ నేర్చెను. హిప్‌హాప్ పుట్టుక ఆ రాత్రియేయని చరిత్రకారులు లెక్కింతురు.

అన్న చేసినది సంగీతము. చెల్లెలు చేసినది వ్యాపారము. బట్టల డబ్బు వచ్చినది చెల్లెలి లెక్కవలన. పత్రికలలో అన్న బొమ్మయే ఎక్కువగా వేయుదురనుకొనుడు.

తరువాత యంత్రములు వచ్చినవి. 1980లో జపానుకు చెందిన రోలాండ్ కంపెనీ 808 అను తాళయంత్రము చేసెను. అది సహజమైన మద్దెలవలె మ్రోగదని చాలమంది పెదవి విరిచిరి. కొద్ది ఏండ్లకే దాని తయారీ ఆగిపోయెను. పాతసామాను అంగళ్లలో చౌకగా దొరకుటచే బీద పిల్లలు కొనిరి. నేడు ఫోనులో వినబడు రాప్ పాటలలో గుండె అదరునట్లు క్రింద మ్రోగు శబ్దము చాలవరకు దాని సంతతియే. 1988లో అకాయ్ కంపెనీ, రోజర్ లిన్ అను ఇంజనీరు కలిసి ఎంపీసీ 60 అను పెట్టెను తెచ్చిరి. ఏ శబ్దమునైనను అందులో పట్టి, చతురపు మీటలపై వ్రేళ్లతో తట్టి వాయింపవచ్చును. ఇట్లు శబ్దములు కూర్చి పాటకు ఆధారమగు బాణీని కట్టువానిని ఆ రంగమున ప్రొడ్యూసరందురు. సినిమాలలో ప్రొడ్యూసరనగా డబ్బు పెట్టువాడు. ఇక్కడ పని చేయువాడు. ఈ భేదము తెలియక నేనును మొదట తికమకపడితిని. నేడు ఆ పెట్టె చేయు పనియంతయు సామాన్యమైన ల్యాప్‌టాప్ చేయగలదు. మనకు దూరము కాని కుర్లాలో నేజీ అను యువకుడు 2014లో ఐప్యాడుపైననే 'ఆఫత్' అను పాటను తయారుచేసెను. 2015లో డివైన్ అను అంధేరీ యువకునితో కలిసి 'మేరే గల్లీ మే' పాడెను. వారిద్దరి జీవితముల ప్రేరణతోనే 2019లో 'గల్లీ బాయ్' సినిమా వచ్చెను.

కాబట్టి పని నేర్చుటకు పెట్టుబడి పెద్ద అడ్డంకి కాదు. అడ్డంకి వేరొకచోట నున్నది. దానికై మరల న్యూయార్కుకు పోవలెను.

1979లో సిల్వియా రాబిన్సన్ అను గాయని, న్యూజెర్సీలో షుగర్‌హిల్ అను రికార్డుల కంపెనీ పెట్టి, ముగ్గురు యువకులను కూర్చి, 'రాపర్స్ డిలైట్' అను రికార్డు తెచ్చెను. ప్రపంచమంతట ప్రాకిన మొదటి రాప్ పాట అదియే. ఆ ముగ్గురిలో హ్యాంక్ అనువాడు పిజ్జా అంగడిలో పనివాడు. తనకు స్వంత పాట లేదు. బ్రాంక్సులో గ్రాండ్‌మాస్టర్ క్యాజ్ అను కవిమిత్రుని యొద్దకు పోయి అతని నోటుపుస్తకము అడిగి, అందలి పాదములను తనవిగా పాడెను. క్యాజ్ తన మారుపేరును అక్షరము అక్షరముగా పలికించిన పాదమునుకూడ మార్చక అట్లే పాడినాడు! మన పరీక్షలలో ప్రక్కవాని జవాబుతోపాటు వాని రోల్ నంబరునుకూడ ఎక్కించుకొను శిష్యులవంటివాడు. క్యాజ్‌కు రచయితగా పేరును రాలేదు, పైకమును రాలేదు. అదే పాటలోని సంగీతము షిక్ అను వాద్యబృందము వారి 'గుడ్ టైమ్స్' నుండి తీసినది. ఆ బృందపు నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ దావా వేసెదమనిరి. వెంటనే వారి పేర్లు రచయితలుగా ఎక్కినవి, వాటా వచ్చినది. ఒకే పాటలో ఇరుపక్షముల సొత్తు పోయినది. ఒక పక్షమునకు అచ్చైన రికార్డు, హక్కుపత్రము ఉన్నవి. రెండవవానికి చేతివ్రాత పుస్తకము, స్నేహము ఉన్నవి.

ఈ కథ చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2017లో మన తొమ్మిదవ తరగతి బాలుడొకడు ఎప్పుడును బల్లపై వ్రేళ్లతో తాళము వేయుచుండెడివాడు. లెక్కల పుస్తకము వెనుకనుండి తెలుగు, హిందీ, మరాఠీ కలగలిపి పాటలు వ్రాసియుంచెను. నేను ఆ పుస్తకము లాగికొని బీరువాలో పడవేసితిని. రెండేండ్లకు టీసీ తీసికొనుటకు వచ్చినప్పుడు ఆ పుస్తకమడిగెను. గదులకు సున్నము వేసినప్పుడు పాతకాగితములతోపాటు పోయినట్లున్నది. "పోనీయండి సార్" అనెను. అందలి ఒక పాదములో ప్రాస మన ద్విపదలోవలె రెండవ అక్షరమున చక్కగా కుదిరియుండెనని నాకిప్పటికిని జ్ఞాపకము. ఎవరును నేర్పకయే కుదిరినది. అప్పుడే గమనించితిని. అయినను తిట్టితిని.

ఆ యువకుడే 2023లో ఎనిమిది పుటల ఇంగ్లీషు కాగితము చేతబట్టుకొని మరల వచ్చెను. తన బాణీలు మూడింటిని పండ్రెండువేల రూపాయలకు ఒక కంపెనీ కిచ్చి సంతకము చేసియుండెను. అవి ప్రకటనలలో మ్రోగుచున్నవి, పేరు లేదు, పైసా లేదు. "ఇంట్ల ఇంగ్లీషు చదివెటోళ్లు లేరు సార్, జర చూడుండ్రి" అనెను. నాకును ఆ ఇంగ్లీషు సగమే బోధపడెను. మన పూర్వవిద్యార్థియగు వకీలు చదివి, ప్రపంచమంతటను, శాశ్వతముగా, సమస్త హక్కులును ఇచ్చివేసినట్లున్నదనెను. సంతకమునకు ముందు వచ్చియుండవలసినదట. సంతకమునకు ముందు అతడు నా యొద్దకు రాడు. పాటలు వ్రాసినందుకు తిట్టినవాడను గదా నేను.

అందుచేతనే ఆ తల్లికి నెల గడువు అడిగితిని. వకీలువలన తెలిసికొన్న సంగతులు చెప్పెదను, తండ్రులు శ్రద్ధగా వినవలెను. ఒక పాటలో రెండు ఆస్తులున్నవి. మాట, బాణీ ఒక ఆస్తి. రికార్డైన శబ్దము రెండవ ఆస్తి, దీనిని మాస్టరందురు. ఒకటి అమ్మి రెండవది ఉంచుకొనవచ్చును. లేదా అమ్మకయే కొంతకాలము వాడుకొన అనుమతి ఈయవచ్చును, ఇల్లు అద్దెకిచ్చినట్లు. మన 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము హక్కు బదిలీ వ్రాతపూర్వకముగా, సంతకముతో నుండవలెను. అందులో కాలపరిమితి వ్రాయనిచో ఐదేండ్లనియే అర్థము. ఏ దేశములకో వ్రాయనిచో భారతదేశమునకు మాత్రమేయని అర్థము. మన యువకుని కాగితములో రెండును స్పష్టముగా వ్రాయబడెను, అదియే చిక్కు. 2012 సవరణ ప్రకారము మాట వ్రాసినవాడు, బాణీ కట్టినవాడు తమ రచనపై వచ్చు రాయల్టీలో సమానమైన వాటాను కంపెనీకి వదలుకొన వీలులేదు. ఐపీఆర్ఎస్ అను సంఘములో సభ్యులైనవారికి ఆ వాటా వసూలు చేసిపెట్టుదురు. అతనిచే ఇప్పుడు దరఖాస్తు పెట్టించితిమి. 18 ఏండ్లు నిండని పిల్లవాడు ఒప్పందము చేయుటకు అర్హుడు కాడు. కావున వాని పేర ఎవరైనను కాగితము తెచ్చినచో మీ యొద్దకే రావలెను. బొటనవ్రేలు వేయుటకు తొందరపడకుడు.

ఇక బయానా మాట. సావుకారు నూలు, బయానా ఇచ్చి, నేసిన బట్టలో పట్టుకొనుట మన తాతలెరిగిన పద్ధతియే. రికార్డు కంపెనీ అడ్వాన్సు అట్టిదే. స్టూడియో ఖర్చు, వీడియో ఖర్చు అన్నియు కళాకారుని ఖాతాలోనే వ్రాసి, అవి తీరువరకు రాయల్టీ చేతికీయరు. అమెరికాలో టీఎల్‌సీ అను ముగ్గురు యువతుల బృందము పాటలు లక్షలకొలది అమ్ముడుపోవుచుండగనే 1995లో దివాలా దరఖాస్తు పెట్టుకొనెను. దీనికి ఎదురు ఉదాహరణము మాస్టర్ పీ. తాత మరణముపై వచ్చిన 10,000 డాలర్లతో అతడు కాలిఫోర్నియాలోని రిచ్‌మండులో ముందు రికార్డుల అంగడి పెట్టెను. ఎవరు ఏ పాట కొనుచున్నారో గల్లాపెట్టె వద్ద కూర్చుండి నేర్చినాడు. పిదప తన కంపెనీ నో లిమిట్ పేర స్వంత పాటలు తెచ్చి, పెద్ద కంపెనీతో కేవలము పంపిణీకి ఒప్పుకొని, మాస్టర్లు తనయొద్దనే ఉంచుకొనెను. జే-జీ కూడ కంపెనీలు కాదన్న పిమ్మట 1995లో ఇద్దరు మిత్రులతో స్వంత సంస్థ పెట్టినవాడే. వీరిద్దరును కోటీశ్వరులైరి. వేలమంది కాలేదు, అదియు చెప్పక తప్పదు.

ఇతరుల పాట ముక్క వాడుకొనుటకు అనుమతి కావలెనని పిల్లలకు చెప్పుడు. 2002లో అమెరికాలో 'అడిక్టివ్' అను పాటలో, 1981 నాటి 'జ్యోతి' హిందీ చిత్రమునకు బప్పీ లాహిరి కట్టి లతా మంగేష్కర్ పాడిన పాట ముక్కను అడుగకయే వాడిరి. మన 'సింహాసనం' చిత్రమునకు సంగీతమిచ్చిన బప్పీ లాహిరియే ఆయన. ఆయన పేరు వేయనిదే ఆల్బము అమ్మరాదని 2003లో అక్కడి న్యాయస్థానము ఆజ్ఞాపించెను. పత్రమున్నచో సముద్రమవతలనైనను వాటా అడుగవచ్చును.

ఇప్పుడు ఆ తల్లికి నేను చెప్పిన జవాబు. పిల్లవానిని పిలిచి ఎన్ని పాటలు మొదలుపెట్టితివంటిని. నలుబది అనెను. పూర్తియైనవెన్ని? రెండు. సంక్రాంతికి పది పూర్తి చేసి తెమ్మంటిని. ఆరు తెచ్చినాడు. రెండు బాగుగనున్నవని మన పాత విద్యార్థి అనెను, నా చెవికి అన్నియు ఒక్కటే. పండ్రెండవ తరగతి ముగియువరకు బడి మానరాదనియు, సాయంకాలము రెండు గంటలు ఇంటిలో ఎవరును వానిని కదిలింపరాదనియు ఒడంబడిక చేసితిమి. తిండి వెళ్లునా అన్నదానికి, "పాట పాడి పేరు తెచ్చుకొనుటపై ఆశ పెట్టకుమమ్మా. పెండ్లిండ్లలో సౌండు, ఇతరుల పాటల రికార్డింగు, ప్రకటనల బాణీలు, వీనితో నెల గడపవచ్చును. హక్కులు దాచుకొన్నచో పాత పాట కూడ ఎప్పుడో కొంత తెచ్చిపెట్టును" అంటిని. ఆమెకు పూర్తిగా నచ్చలేదు. తండ్రికి అసలే నచ్చలేదు. ఆయన ఈ సభలోనే యున్నాడు, నవ్వుచున్నాడు, సంతోషము.

ఈ సంవత్సరమునుండి పదవ తరగతి ఇంగ్లీషు పాఠములో నెలకొక గంట ఒప్పందపు కాగితము చదువుట నేర్పెదము. అద్దె కాగితము, ఉద్యోగపు కాగితము, పాటల కాగితము ఏదైనను సరే. ప్రతి నెల రెండవ శనివారము సాయంకాలము 4 గంటలకు వకీలుగారు ఆఫీసులో నుందురు. రుసుము లేదు. సంతకమునకు ముందే తెండు. పిల్లలయొద్ద లాగికొన్న పుస్తకములు ఇకపై బీరువాలో వేయక, పేరు, తేదీ రిజిస్టరులో వ్రాసి ఆ వారములోనే తల్లిదండ్రుల కిచ్చుటకు ఉపాధ్యాయులందరు అంగీకరించిరి.

 అల్పాహారము క్రింది గదిలో నున్నది. రాత్రి పాళీకి పోవలసినవారు ముందుగా రావలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.