తాళంచెవి ఎవరి దగ్గర?

(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వక్తను కాను. ముప్పై నాలుగేళ్లు ఫైళ్లు మోసిన గుమాస్తాను. అయినా ఒక మాట మీ అందరి చెవిన వేయక తప్పదని నిలబడ్డాను.

2022లో ఒకనాటి ఉదయం మా ఊరి రామాలయం అరుగు మీద కూర్చుని లైఫ్ సర్టిఫికెట్ కాగితాలు నింపుకుంటున్నాం. నాతో ఒకే సెక్షనులో పనిచేసిన మిత్రుడు మాట మధ్యలో పక్కకు ఒరిగిపోయాడు. పిలిస్తే పలకలేదు. ఉండి ఉండి ఎగశ్వాస తీస్తున్నాడు. "ఊపిరి ఉంది, భయం లేదు" అని అందరికీ ధైర్యం చెప్పింది నేనే. ముఖాన నీళ్లు చల్లాం, విసిరాం, అరికాళ్లు రుద్దాం. 108కి ఫోన్ చేశాం. బండి వచ్చేసరికి అంతా అయిపోయింది. తప్పు బండిది కాదు, దూరానిది.

తరువాత తెలుసుకున్నాను. గుండెపోటు వేరు, గుండె ఆగిపోవడం వేరు. గుండెకు రక్తం అందించే నాళం పూడుకుంటే గుండెపోటు. అప్పుడు మనిషికి సాధారణంగా స్పృహ ఉంటుంది. గుండెను నడిపే విద్యుత్తు గతి తప్పి, గుండె కొట్టుకోక వణుకుతూ ఉండిపోతే మనిషి క్షణాల్లో కూలిపోతాడు. మొదటిది రెండోదానికి దారి తీయవచ్చు. పిలిస్తే పలకని మనిషి తీసే ఎగశ్వాస ఊపిరి కింద లెక్క కాదు. గుండె ఆగిందనడానికి అదే గుర్తు. ఏమీ చేయకుండా గడిచే ఒక్కొక్క నిమిషానికి బ్రతికే అవకాశం సుమారు 7 నుంచి 10 శాతం తగ్గిపోతుంది.

2023 వేసవిలో ఇంగ్లాండులో మా అమ్మాయి ఇంటికి వెళ్లాను. వాళ్లది చిన్న పల్లె. వీధి మలుపులో ఎర్రరంగు టెలిఫోన్ గది ఉంది. లోపల ఫోన్ లేదు, డిఫిబ్రిలేటరు పెట్టె ఉంది. గతి తప్పిన గుండెకు కరెంటు షాకు ఇచ్చి దారిలో పెట్టే యంత్రం అది. వాడుక తగ్గిన ఆ గదులను 2008 నుంచి అక్కడి టెలిఫోన్ కంపెనీ ఒక్కొక్క పౌనుకే గ్రామాలకు ఇస్తూ వచ్చిందట. 1965లో బెల్‌ఫాస్టులో డాక్టర్ ఫ్రాంక్ పాంట్రిడ్జ్ అంబులెన్సులో పెట్టించిన తొలి యంత్రం కారు బ్యాటరీలతో నడిచేది, సుమారు 70 కిలోల బరువు. ఇప్పటిది చేతిసంచిలో పడుతుంది. రెండు అతుకులు ఛాతీకి అంటిస్తే చాలు, ఏం చేయాలో అదే మాట్లాడి చెబుతుంది. అవసరం లేని గుండెకు షాకు ఇవ్వదు.

దాన్ని తనిఖీ చేసేది ఒక రిటైర్డు పోస్టుమాన్. బ్యాటరీ, అతుకుల గడువు తేదీ చూసి పుస్తకంలో రాసుకుంటున్నాడు. "తాళంచెవి ఎవరి దగ్గర?" అని అడిగాను. చెవి లేదట. 999కి ఫోన్ చేస్తే తాళం నంబరు చెబుతారట. నాకు మా ఆఫీసు ప్రథమ చికిత్స పెట్టె గుర్తొచ్చింది. అటెండరు చెయ్యి తెగిననాడు దాని తాళంచెవి సెలవులో ఉన్న హెడ్‌క్లర్కు జేబులో ఉంది.

అందుకే నా మనవి. యంత్రం కొనేముందు చేతులకు పని నేర్పుదాం. ప్రతి యూనిట్‌లో ఒకరోజు డాక్టరు చేత శిక్షణ ఇప్పిద్దాం. మనిషి పలకక, సరిగా ఊపిరి తీయకపోతే వెంటనే 108కి ఫోన్ చేసి, ఛాతీ మధ్య 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, సాయం అందేదాకా నొక్కాలి. మన వయసుకు బలం చాలదంటారా? కోడలికి, మనవడికి నేర్పిద్దాం. ఆపైన చందాలు వేసుకుని యంత్రం కొని, రాత్రీ పగలూ అందరికీ అందేచోట పెడదాం. తనిఖీకి ఇద్దరి పేర్లు రాసి ఉంచుదాం. బీరువాలో పెడితే అది స్టాకు రిజిస్టరులో ఒక పద్దు మాత్రమే.

మిత్రుడు సగం నింపిన లైఫ్ సర్టిఫికెట్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. సంతకం చేయాల్సిన చోటు ఖాళీగా ఉంది.

ఈ ప్రతిపాదనను మినిట్సులో నమోదు చేయవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.