పాత విమానాల పేరంటం

(మన సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. గురించీ, మెడికల్ కార్డుల గురించీ చెప్పవలసిన వారు నా తర్వాత ఉన్నారు. అసలు సంగతులు వారు చెబుతారు. భోజనాల ముందు కాస్త తేలికపాటి విషయం ఏదైనా మాట్లాడమని కార్యదర్శిగారు నన్ను ఆజ్ఞాపించారు. నాకు చేతనైన విషయం ఒక్కటే: చిన్న విమానాలు. నా సర్వీసులో మొదటి పన్నెండేళ్ళు, అంటే 1968 నుంచి 1980 దాకా, బేగంపేటలో శిక్షణ విమానాల హ్యాంగర్‌లో మెకానిక్‌గా పనిచేశాను. తర్వాత పెద్ద విమానాల కొలువులోకి పోయాను, అక్కడే రిటైరయ్యాను. పెద్ద విమానాలు నాకు అన్నం పెట్టాయి, కాదనను. కానీ కలలోకి వచ్చేవి మాత్రం ఆ చిన్నవే.

ఇంగ్లండులోనూ, అమెరికాలోనూ ‘ఫ్లై-ఇన్’ అని ఒకటి జరుగుతుంది. తెలుగులో దీనికి సరైన మాట లేదు. నన్నడిగితే పేరంటం అంటాను. అరవై, డెబ్భై, తొంభై ఏళ్ళ నాటి చిన్న విమానాలున్న వాళ్ళు ఒక క్లబ్బుగా ఏర్పడతారు. వేసవిలో ఒక ఆదివారం ఏదో ఒక పచ్చిక మైదానం అనుకుంటారు. ఎవరి విమానంలో వాళ్ళు ఎగిరి వచ్చి దిగుతారు. వరసగా నిలబెట్టుకుంటారు. ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న రొట్టెలు తింటారు, టీ తాగుతారు, ఒకరి విమానం చుట్టూ ఒకరు తిరిగి వంక పెడతారు, సాయంత్రం వెలుగుండగానే ఎగిరి ఇంటికి పోతారు. టిక్కెట్టు పెట్టి జనానికి చూపించే విన్యాసాలు కావు. పేరంటానికి వెళ్ళిన మన ఆడవాళ్ళు పక్కావిడ పట్టుచీర అంచు పట్టుకుని చూసినట్టే వీళ్ళు పక్కవాడి ఇంజను మూత ఎత్తి చూస్తారు. (నవ్వులు)

ఇదంతా మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. ఈ హాల్లో సగం మంది రైల్వే వాళ్ళే కనుక ముందు మీ సంగతే చెబుతాను. మన ఊరి విమానాలకు పెద్దదిక్కు రైల్వేనే. నిజాం స్టేట్ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టిందని, ఆ బస్సులే ఇప్పటి ఆర్టీసీకి మూలమని అందరికీ తెలుసు. అదే రైల్వే టాటాలతో కలిసి 1945లో దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టింది. బేగంపేట కేంద్రంగా డకోటాలు తిరిగాయి. ఎన్నో కంపెనీలు ఆడపిల్లవు కదా అని తిప్పి పంపించిన ప్రేమ్ మాథుర్‌కు పైలట్ ఉద్యోగం ఇచ్చింది ఈ దక్కన్ ఎయిర్‌వేసే. మన దేశంలో కమర్షియల్ పైలట్ అయిన మొదటి మహిళ ఆవిడ, 1947లో. 1953లో ఆ కంపెనీ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. అంటే సికింద్రాబాదు రైల్వే పెన్షనరు ఎవరైనా ఆకాశంలో విమానం కనిపిస్తే, అది మా మేనత్త కొడుకు అని చెప్పుకోవచ్చు.

ఆ డకోటాల కంటే ముందే ఇక్కడ చిన్న విమానాలున్నాయి. 1930 దశకంలో నిజాం ప్రభుత్వ కాలంలోనే బేగంపేటలో ఏరో క్లబ్ ఉండేది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అదే మైదానంలో కుర్రవాళ్ళకు టైగర్ మాత్‌ల మీద ఓనమాలు దిద్దించారు. టైగర్ మాత్ అంటే ఒకదాని పైన ఒకటిగా రెండు జతల రెక్కలు, పైన కప్పు లేని రెండు సీట్లు, 130 గుర్రాల ఇంజను. బ్రేకులు కూడా ఉండవు. ముందు సీట్లో గురువు, వెనక సీట్లో శిష్యుడు. ఆ ఇంజను కింద ఎప్పుడూ నూనె చుక్కలు పడుతుండేవి. నూనె కారడం ఆగిందంటే లోపల నూనె అయిపోయిందన్నమాట అనేది మా వాళ్ళ పాత పరిహాసం.

నేను చేరేనాటికి రాజ్యం పుష్పక్‌ది. బెంగుళూరులో హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు అమెరికా ఏరోంకా చీఫ్ నమూనా మీద తయారుచేశారు. మొదటిసారి ఎగిరింది 1958లో. మొత్తం తయారైనవి 150 పైచిలుకు. ఇద్దరు పక్కపక్కన కూర్చుంటారు, తల మీద రెక్క, 90 గుర్రాల కాంటినెంటల్ ఇంజను, ఒంటి మీద గుడ్డ. అవునండీ, గుడ్డే! ఉక్కు గొట్టాల చట్రం మీద గుడ్డ తొడిగి, దారంతో కుట్టి, దాని మీద డోప్ అనే లక్క లాంటి ద్రవం పూతలు పూతలుగా వేసేవాళ్ళం. గోళ్ళరంగు సీసా మూత తీస్తే వచ్చే వాసన ఉంటుందే, హ్యాంగరంతా అదే. మా ఆవిడ పెళ్ళయిన కొత్తలో నా చొక్కా వాసన చూసి ఏమనుకుందో ఇక్కడ చెప్పను, ఆమె మూడో వరసలోనే కూర్చుంది. (నవ్వులు)

మాకు పని నేర్పినాయన్ని అందరం ఉస్తాద్ అని పిలిచేవాళ్ళం. చదువు తక్కువ. మాన్యువల్ ఇంగ్లీషు మేము చదివి చెబితే, తల ఊపి, తన పద్ధతిలో చేసి చూపించేవాడు. పూత ఆరిన రెక్క మీద వేలితో కొట్టి వినేవాడు. డప్పులా మోగితే సరి. మెత్తగా పలికితే ఎక్కడో గుడ్డ వదులైందని, ఎక్కడ వదులైందో కూడా చెప్పేవాడు. ప్రొపెల్లరు చేత్తో తిప్పి ఇంజను స్టార్ట్ చెయ్యడం ఆయన దగ్గరే నేర్చాం. “స్విచ్ ఆఫ్” అంటే లోపలున్నవాడు “స్విచ్ ఆఫ్” అని తిరిగి చెప్పాలి. రెండు మూడు సార్లు మెల్లగా తిప్పి పెట్రోలు పీల్చనివ్వాలి. తర్వాత “కాంటాక్ట్”. ప్రొపెల్లరు తిప్పేటప్పుడు మాగ్నెటోలోంచి ‘టిక్’ అని చిన్న చప్పుడు వస్తుంది. అందులో ఒక స్ప్రింగు బిగుసుకుని వదిలే చప్పుడది. అదే సరైన క్షణానికి నిప్పురవ్వను పుట్టిస్తుంది. “టిక్ వినపడకుండా ‘కాంటాక్ట్’ అన్నావంటే, బేటా, మధ్యాహ్నం దాకా తిప్పుతూనే ఉంటావు” అనేవాడు ఉస్తాద్.

ఈ టిక్ సంగతి గుర్తుంచుకోండి, పని ఉంది.

2016 వేసవిలో మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వెళ్ళాం. వాళ్ళు బెడ్‌ఫర్డ్ దగ్గర ఉంటారు. ఆ పక్కనే ఓల్డ్ వార్డెన్ అనే చోట షటిల్‌వర్త్ వారి పాత విమానాల సేకరణ ఉంది. 1909 నాటి బ్లెరియో విమానాన్ని ఈనాటికీ ఎగరగలిగే స్థితిలో ఉంచారు. గాలి బొత్తిగా లేని సాయంత్రం అయితే నేల మీంచి కాస్త లేపి దింపుతారు. అది చూసి వచ్చిన నా ముఖం చూసి మా అల్లుడు, “మామయ్యగారూ, మీకు ఇంకోటి చూపిస్తాను” అని ఆ ఆదివారం ఒక పల్లెటూరి మైదానానికి తీసుకెళ్ళాడు. అదే నేను చూసిన ఫ్లై-ఇన్.

రన్‌వే లేదు, గొర్రెలు మేసిన పచ్చిక. ఒక కర్రకు గాలి సంచి. ముప్పైకి పైగా విమానాలు వచ్చాయి. కొన్నింటికి రేడియో లేదు. దిగబోయే ముందు చుట్టూ ఒక చుట్టు తిరిగి, గాలి సంచి చూసుకుని, ఎదటివాణ్ణి చూసుకుని దిగుతారు. ముందురోజే ఫోన్ చేసి వస్తున్నామని చెబితే చాలట. టైగర్ మాత్‌లు నాలుగు వచ్చాయి. అక్కడ ఆ మాత్ జాతి విమానాలకే ప్రత్యేకంగా 1975 నుంచీ ఒక క్లబ్బు నడుస్తోంది. అన్నిటికంటే దూరం నుంచి వచ్చినవాడికి ఒక బహుమతి, అన్నిటికంటే ముసలి పైలట్‌కు ఒకటి. బహుమతి అంటే మరేం లేదు, కేకు.

ఆ వరస చివర ఒక చిన్న విమానం చూసి నిలబడిపోయాను. పుష్పక్! దగ్గరికి వెళితే కాదు, పుష్పక్‌కు అక్క. అమెరికాలో తయారైన ఏరోంకా చీఫ్. అదే తలుపు, అదే రెక్క కింద కర్ర. సాయంత్రం దాని యజమాని, ఎనభై దాటిన మనిషి, వెళ్ళిపోవడానికి సిద్ధమయ్యాడు. ఒక కుర్రాడు ప్రొపెల్లరు తిప్పుతున్నాడు. అంటుకోదు. మళ్ళీ తిప్పాడు. పదిసార్లు తిప్పాడు. నేను దూరంగా నిలబడి వింటున్నాను. టిక్ లేదు!

“నాన్నా, వాళ్ళ దాంట్లో మీరు వేలు పెట్టకండి” అంది మా అమ్మాయి. నేను వేలు పెట్టలేదు, నోరు పెట్టాను. మాగ్నెటోలో ఆ స్ప్రింగు కొక్కెం పాత నూనెతో జిగురు కట్టి అతుక్కుందని చెప్పాను. ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, ఇదివరకు ఎక్కడ పనిచేశావు అని అడిగాడు. సికింద్రాబాద్ అన్నాను. స్విచ్‌లు ఆపి, మూత తీశారు. అలాంటి విమానాలను తనిఖీ చేసే అధికారమున్న ఇన్‌స్పెక్టరు కూడా అక్కడే కుర్చీలో టీ తాగుతున్నాడు, ఆయనా లేచి వచ్చాడు. కిరసనాయిల్ లాంటి పల్చటి ద్రవంతో కడిగి, ఆరబెట్టి, ఆయన సరే అన్నాక తిప్పారు. టిక్. రెండో తిప్పుకే ఇంజను అందుకుంది.

అప్పుడు నాకు అర్థమైంది ఆ పేరంటం ఎందుకో. తయారుచేసిన కంపెనీ విమానాలు చెయ్యడం మానేసి దశాబ్దాలయింది. విడిభాగాలు బజార్లో దొరకవు. మాన్యువల్‌లో లేని సంగతి ఏదో ఒక ముసలివాడి చెవిలో ఉంటుంది. ఆ ముసలివాడూ, ఆ విమానమూ, ఆ ఇన్‌స్పెక్టరూ ఒకే పచ్చిక మీద ఒకే రోజు ఉంటే తప్ప అది చేతులు మారదు. అంతకుముందు పొద్దున్నే, ఒకాయన దగ్గర అదనంగా ఉన్న కార్బురేటరు ఇంకొకాయన కారు డిక్కీలోకి వెళ్ళడం కూడా చూశాను. డబ్బు ఊసే రాలేదు.

ముసలాయన వెళ్ళబోతూ, “మీ పుష్పక్‌ల వాళ్ళు ఏటా ఎక్కడ కలుస్తారు?” అని అడిగాడు. కలవమండీ అన్నాను. ఆయనకది వింతగా తోచింది.

మన దగ్గర ఎందుకు కుదరదో చెబితే ఆయనకు బోధపడదు. ఇక్కడ ఎగరాలంటే ఫ్లైట్ ప్లాన్ ఇవ్వాలి, ఎయిర్ డిఫెన్స్ అనుమతి నంబరు తీసుకోవాలి. దేశ రక్షణ విషయం, తప్పు పట్టను. కానీ ముందురోజు ఫోన్ చేసి వచ్చే సౌకర్యం కాదు. ఈ ఇంజన్లు తాగే పెట్రోలు కూడా వేరు, ఏవ్‌గ్యాస్ అంటారు. 2022లో ఇండియన్ ఆయిల్ వడోదరలో తయారుచేయడం మొదలుపెట్టేదాకా ప్రతి చుక్కా విదేశాల నుంచి రావలసిందే. పైగా మన మైదానాలు ఊరి మధ్యలో చిక్కుకున్నాయి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలు శంషాబాదుకు తరలిపోయాక, బేగంపేటలో అదే ఏడాది నుంచి రెండేళ్ళకోసారి పెద్ద విమాన ప్రదర్శన జరుగుతూ వచ్చింది. మా మనవడితో వెళ్ళి చూశాను. కోట్ల ఖరీదు జెట్లు. బాగానే ఉన్నాయి. మూత ఎత్తి చూస్తానంటే మాత్రం ఎవరూ ఒప్పుకోరు.

అలాగని మన దేశంలో పాతవాటిని ప్రేమించినవాళ్ళు లేరని కాదు. జె.ఆర్.డి. టాటా 1932 అక్టోబరు 15న పస్ మాత్‌లో కరాచీ నుంచి బొంబాయికి టపా తెచ్చారు. సరిగ్గా యాభై ఏళ్ళకు, 1982లో, పాత లెపర్డ్ మాత్‌లో అదే దారిని ఒంటరిగా మళ్ళీ ఎగిరారు. అప్పుడాయన వయసు 78. లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి బ్యాంకు మెట్లెక్కలేక ఆయాసపడే మనం ఇది గుర్తు పెట్టుకోవలసిందే. (నవ్వులు) మన వైమానిక దళం ఒక టైగర్ మాత్‌ను బాగుచేయించి 2012లో వైమానిక దళ దినోత్సవాన హిండన్‌లో ఎగరేసింది. 2018లో ఒక డకోటా కూడా వాళ్ళకు చేరింది, పరశురామ అని పేరు పెట్టారు. అది టీవీలో ఎగురుతుంటే చూసి, దక్కన్ ఎయిర్‌వేస్‌లో పనిచేసిన మా మామగారు ఉంటే ఏమనేవారో అనుకున్నాను.

కానీ పుష్పక్‌లకు అటువంటి భాగ్యం పట్టలేదు. కొన్నేళ్ళ క్రితం వేరే ఊళ్ళో ఒక సంస్థ ఆవరణలో, షెడ్డు వెనక, తుమ్మ చెట్టు కింద ఒక పుష్పక్ చట్రం చూశాను. గుడ్డ అంతా చివికిపోయింది. పక్కన తడిసిన లాగ్ బుక్కులు. లాగ్ బుక్ అంటే మన సర్వీస్ రిజిస్టరు లాంటిది. ఆ విమానం పుట్టింది మొదలు ఎవరు ఎగిరారు, ఎవరు ఏ బోల్టు మార్చారు, అంతా తేదీలతో, సంతకాలతో ఉంటుంది. అవి నాకివ్వమని రెండు ఉత్తరాలు రాశాను. జవాబు రాలేదు. మూడోసారి స్వయంగా వెళ్ళేసరికి అంతా తూకానికి వెళ్ళిపోయింది.

ఉస్తాద్ పోయి చాలా కాలమైంది. మా హ్యాంగరులో ఆ రోజుల్లో పనిచేసినవాళ్ళం తొమ్మిదిమందిమి. ఇప్పుడు ఇద్దరం. రెండో ఆయనకు వినికిడి లేదు కనుక, ఆ టిక్ వినగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాననుకోవాలి.

అందుకని ఒక మనవి. విమానాలు లేకపోతే పోనీ, వాటి దగ్గర పనిచేసినవాళ్ళం కలుద్దాం. దక్కన్ ఎయిర్‌వేస్, ఫ్లయింగ్ క్లబ్, బేగంపేట కంట్రోల్ టవరు, ఫైర్ సర్వీసు, క్యాంటీను, ఎక్కడ పనిచేసినవారైనా సరే. వారు లేకపోతే వారి పిల్లలు. కార్యదర్శిగారు మన ఆఫీసు వరండా ఇస్తామన్నారు. డిసెంబరు మొదటి ఆదివారం, ఉదయం పది గంటలకు. టీ నా ఖర్చు, కేకు మా అమ్మాయిది. పాత ఫొటోలు, లాగ్ బుక్కులు, పనిముట్లు ఏవి ఉంటే అవి తీసుకురండి, చూసి మీ వస్తువులు మీకే తిరిగి ఇస్తాం. ఇంటర్మీడియట్ చదివే మనవలెవరైనా ఉంటే వాళ్ళనూ తీసుకురండి, మేము చెప్పేది ఫోన్‌లో రికార్డు చేసిపెడతారు. ఫొటోల వెనక ఎవరెవరున్నారో, ఏ సంవత్సరమో రాసి తేవాలి. పెన్సిలుతోనే రాయండి. బాల్‌పెన్నుతో గట్టిగా రాస్తే ముందువైపు ముఖాల మీద గీత పడుతుంది.